పెద్దమనుషులు తిరిగే పార్కులో కెమెరానా?

పార్కులో జంతువుల్ని చూడ్డానికి కెమెరా పెట్టాలని సలహా ఇచ్చినవాళ్ళకి ముందు శాలువా కప్పి, ఆ తర్వాత సంజాయిషీ అడగాలని నా నిశ్చితాభిప్రాయం.

2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు వైపు చిరుత కనబడింది. అటవీశాఖవాళ్ళు ట్రాప్ కెమెరాలు పెట్టారు. అది కడియం నర్సరీల దాకా వచ్చిందని తెలిసిన రోజు నుంచీ డెల్టాలో కాలనీలకి ఒకటే వెలితి. వాళ్ళకి చిరుత వస్తే మనకేం తక్కువ? మా కాలవగట్టు పార్కు అసోసియేషన్ కూడా చందాలేసుకుని అలాంటిదే ఓ ట్రైల్ కెమెరా కొని, నందివర్ధనం చెట్టుకి ఎదురుగా కొబ్బరి మొదలుకి బెల్టుతో బిగించింది.

దాని పనితనం గురించి రెండు ముక్కలు. ఎదురుగా వెచ్చగా ఉన్నదేదైనా కదిలితే సెన్సర్ పసిగట్టి ఫొటో తీస్తుంది. రాత్రిపూట కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తుంది కాబట్టి బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, తీసినట్టు ఎదుటివాడికి తెలియనే తెలియదు. ఫొటో అడుగున తేదీ, టైమూ పడతాయి. మే నెలలో అయితే గాలి వేడీ ఒంటి వేడీ ఒకటైపోయి చాలాసార్లు ఏమీ పట్టుకోలేదు. మావాళ్ళు చూసి చూసి కార్తీకమాసంలో పెట్టారు. తెల్లవారుజామున చలి, ఇంటింటా పూజలు.

మొదటి మెమరీ కార్డు నిండా ఎండలో ఊగే అరిటాకులే. రెండోదాంట్లో బిర్యానీ పొట్లాన్ని చెత్తడబ్బా నుంచి బెంచీ కిందికి ఈడ్చుకెళ్తున్న పందికొక్కు, పొద్దున్నే హడావుడిగా అటూ ఇటూ తిరిగే ముంగిస. అర్ధరాత్రి దాటాక చెట్టు దిగిన మానుపిల్లి రాలిన సపోటా పండు తిని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ రాత్రి పార్కుకి వచ్చినవాళ్ళలో క్యారీబ్యాగ్ తేనిది అదొక్కటే.

ఇక 4:42కి పడిన ఫొటో. మంకీక్యాప్, చేతిలో దోటి, మోచేతికి సంచీ. వంచిన కొమ్మ వెనక ‘పువ్వులు కోయరాదు’ అన్న బోర్డు, బోర్డు కింద దాత పేరు. దాతా, దోటీ ఒకే ఇంటివి.

అత్యవసర సమావేశం పెట్టారు. “ఏవండీ, దేవుడికి కోసుకుంటే దొంగతనమంటారేంటండీ?” అని ఒకరు. “మా ఆవిడ వాకింగ్‌కి వస్తుందండీ, ప్రైవసీ ఉండొద్దా?” అని ఇంకొకరు. ఆవిడ వాకింగ్ చేస్తున్న ఫొటో కార్డులో ఎక్కడా లేదు. సంచీతో ఉన్నవి ఉన్నాయి. మానుపిల్లి ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేను పూర్తిగా వాళ్ళ పక్షం. కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి తినే బావురుపిల్లుల్ని ఇలాంటి కెమెరాలు పెట్టే లెక్కించారు. ఒంటిమీది మచ్చలు ఏ రెండిటికీ ఒక్కలా ఉండవు గనక ఏది ఏదో పోల్చుకోవచ్చు. బావురుపిల్లి నోరెత్తలేదు, నిజమే. దానికి కాలనీలో పరువుందా, పిల్లకి సంబంధాలు చూడాలా? మావాళ్ళని పట్టుకోవడానికి మచ్చలు కూడా అక్కర్లేకపోయింది, మంకీక్యాప్ చూసి వీధి వీధంతా పేరు చెప్పేసింది. మనిషన్నాక కనీసం ఒక హారన్ కొట్టి ఫొటో తీయాలన్న ఇంగితం లేని యంత్రానికి, వన్యప్రాణి ఎవరో గౌరవాధ్యక్షులెవరో తేల్చే అధికారం ఎవరిచ్చారు?

చివరికి మధ్యేమార్గం కుదిరింది. కెమెరాకి టైమర్ ఉంది కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకానే పనిచేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరి చిరుత నాలుగున్నరకి వస్తేనో అని వెనక వరసలో ఓ కుర్రాడు అడిగాడు.

రాకూడదు. పార్కు వేళలు గేటు మీద రాసే ఉన్నాయి.