మహారాజశ్రీ పీనియల్ గ్రంథి గారికి

మా బుజ్జిగాడి పీనియల్ గ్రంథి గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇక్కడ కుశలం లేదు. ఆరు వారాల మీ యజమాని రాత్రి రెండుంపావుకి లేచి ఐదింటికి పడుకున్నాడు. తొమ్మిదింటి ఆఫీసు మీటింగులో నేను మైక్ ఆపకుండానే గురక పెట్టాను.

మెదడు మధ్యలో కూర్చున్న తమరు పెద్దయ్యాక కూడా బియ్యపు గింజంతేనట. ఆత్మ ఉండేది తమరిలోనే అని తత్వవేత్త డెకార్ట్ నమ్మాడట. ఆత్మ సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చూడండి.

కడుపులో ఉన్నన్నాళ్లూ వాళ్లమ్మ మెలటోనిన్, అదే తమరు చీకట్లో తయారుచేయాల్సిన నిద్ర హార్మోను, మావి దాటి వచ్చి వీడికి రాత్రేదో చెప్పేది. బొడ్డు కోయగానే ఆ సరఫరా ఆగింది, బాధ్యత తమ మీద పడింది. తమరేమో రెండు మూడు నెలలైతే గానీ దారిలో పడరట! చేరిన రోజే లాంగ్ లీవు పెట్టినవారిని తమరినే చూశాను.

వైరింగ్ పూర్తి కాలేదంటారు. ఆ వైరింగ్ గురించి చదివితే మతి పోయింది. చీకటి పడిందన్న కబురు కంటి నుంచి మెదడులోని గడియారానికి వెళ్తుంది. అది తమరికి బెత్తెడు దూరంలోనే ఉంది. అయినా కబురు నేరుగా రాదు. వెన్నుపాములోకి దిగి, ఛాతీ దగ్గర బయటికొచ్చి, మెడలోని నరాల ముడి దాకా ఎక్కి, మళ్లీ తలలోకి రావాలి. పక్క గదిలో సంతకానికి ఫైలు జిల్లా అంతా తిరిగొచ్చినట్టు! ఆ చివర నరం నార్‌ఎపినెఫ్రిన్ అనే కబురు మోసే రసాయనం విడుదల చేయాలి, దాన్ని అందుకునే గ్రాహకాలు సిద్ధంగా ఉండాలి, లోపల ఎంజైము పెరగాలి. అప్పుడు గానీ సెరటోనిన్ అనే ముడిసరుకు మెలటోనిన్‌గా మారదు. ఎలుక పిల్లలు ఇదంతా కళ్లు తెరవకముందే మొదలుపెట్టేస్తాయి. సిగ్గనిపించడం లేదా నీకు? నీ పని ఇప్పటికీ వాళ్లమ్మే చేస్తోంది, రాత్రి పాలలో మెలటోనిన్ కలిపి పంపుతూ. నిద్ర లేనిది ఆమెకి, నిద్ర మందు వీడికి!

మా అత్తగారు ఇవేవీ చదవలేదు. "మూడో నెల రానీ బాబూ, రాత్రీ పగలూ వాడికే తెలుస్తుంది" అన్నారు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తున్నాను.

మూడున్నరకి, భుజాన వేసుకుని నిన్ను తిడుతూ తిరుగుతుంటే, వాడు నా మొహంలోకి చూసి నవ్వాడు. మొదటిసారి. పొద్దున్న చెబితే మా ఆవిడ "గ్యాస్ అయ్యుంటుంది" అంది. అప్పుడు మెలకువగా ఉన్నది మేమిద్దరమే. నువ్వూ ఉన్నావులే, పనీ పాటా లేకుండా. కనీసం సాక్ష్యమైనా చెప్పు.