ఒకటిన్నర చుట్టుతో మైలేజీ పెరగదు: కార్బొరేటర్ సందేశానికి ఖండన

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల బైకు యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మెకానిక్కులు దాచిపెట్టే రహస్యమంటూ మొదలయ్యే ఆ సందేశం సారాంశం ఇది: ఇంజనుకు పెట్రోలును, గాలిని కలిపి పంపే కార్బొరేటర్ పక్కనుండే చిన్న స్క్రూను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి సరిగ్గా ఒకటిన్నర చుట్టు వదిలితే ఏ బండికైనా లీటరుకు 20 కిలోమీటర్లు అదనంగా వస్తాయి, పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రపు ఇత్తడి ముక్కలైన జెట్లను గుండుసూదితో పొడిచి శుభ్రం చేయాలి, తిరుమల కొండ ఎక్కేముందు పెట్రోలు ఎక్కువ వచ్చేలా స్క్రూ తిప్పుకోవాలి, సైలెన్సర్‌లో టపటపమని శబ్దం వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే పికప్ పెరుగుతుంది, కార్బొరేటర్‌ను రాత్రంతా థిన్నర్‌లో నానబెడితే కొత్తదానిలా తయారవుతుంది.

కార్బొరేటర్ సర్వీసు ఇంట్లో చేసుకోవడం మంచి అలవాటని, ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోగల పని అని నా నమ్మకం. అందుకే ఈ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులన్నిటికీ దాదాపుగా కార్బొరేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షనే వస్తోంది కనుక, కార్బొరేటర్ ఉన్న బండి అంటే చాలావరకు ఆ తేదీకి ముందుదే. ఆ పాత స్ప్లెండర్లు, బాక్సర్లు, పల్సర్ల మీదే పాల క్యాన్లు, కూరగాయల మూటలు మోస్తూ రోజు గడుపుకొనేవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. సందేశం నమ్మి నష్టపోయేది ముందుగా వాళ్లే.

మొదట ఆ ఒకటిన్నర చుట్టు సంగతి చూద్దాం. కార్బొరేటర్లలో ఈ స్క్రూ రెండు రకాలుగా ఉంటుందన్న ప్రాథమిక విషయాన్నే సందేశం విస్మరించింది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ; దాన్ని బిగిస్తే గాలి తగ్గి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు మిశ్రమాన్ని నియంత్రించే స్క్రూ. దాన్ని బిగిస్తే పెట్రోలే తగ్గుతుంది. ఒకే దిశలో తిప్పితే ఒక బండిలో ఒక ఫలితం, మరో బండిలో దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితం వస్తున్నప్పుడు, ఏ బండికైనా పనికొచ్చే ఒకే కొలత ఉంటుందని చెప్పడంలో అర్థం లేదు. పైగా పూర్తిగా బిగించమన్నారని స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పేవాళ్లు ఉంటారు. ఆ స్క్రూ కొన సూదిలా సన్నగా ఉంటుంది. బలంగా బిగిస్తే కొన మీద గాడి పడుతుంది, లేదా అది కూర్చునే రంధ్రం అంచు పగులుతుంది. ఆ తరువాత ఎన్ని చుట్లు తిప్పినా, యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజను తిరిగే స్లో రన్నింగ్ (ఐడ్లింగ్) నిలబడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ స్క్రూ అధికారం యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, మహా అయితే పావు వంతు తెరిచేవరకే నడుస్తుంది. పావు నుంచి ముప్పావు వరకు గాలిదారిని తెరిచే స్లైడుకు వేలాడే జెట్ నీడిల్ అనే సూది, ఆపైన మెయిన్ జెట్ పెట్రోలును నిర్ణయిస్తాయి. గాంధీ రోడ్డు రద్దీలో నెమ్మదిగా పాకే బండి మీద స్క్రూ ప్రభావం కొంత ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ లీటరుకు 60 ఇచ్చే బండి 80 ఇవ్వాలంటే, అంతే దూరానికి పెట్రోలు ఖర్చు నాలుగో వంతు తగ్గాలి. అంతటి మార్పు తెచ్చే శక్తి ఆ స్క్రూకు లేదు. బిర్రుగా పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, ఎండిపోయిన చైను తినేసే మైలేజీ చాలా బళ్లలో దీనికన్నా ఎక్కువ.

పెట్రోలు తగ్గించేకొద్దీ లాభమే అన్న ఆలోచనలోనే అసలు ప్రమాదం ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. శుద్ధ ఎథనాల్‌కైతే సుమారు 9 కిలోలు చాలు. 2023 నుంచి దశలవారీగా వచ్చి ఇప్పుడు బంకులన్నిటా పోస్తున్న 20 శాతం ఎథనాల్ పెట్రోలుకు ఈ నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది. అంటే పాత పెట్రోలుకు తగ్గట్టు జెట్లు అమర్చిన బండి, ఎవరూ ముట్టుకోకపోయినా, ఇప్పటికే కొంత పలుచని, అంటే పెట్రోలు పాలు తక్కువైన మిశ్రమంతో నడుస్తోంది. దాన్ని ఇంకా పలుచన చేస్తే ఇంజను వేడెక్కుతుంది, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా అందుకోదు, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. రేణిగుంట వైపు మే నెల ఎండలో బరువుతో నడిచే బండికి ఆ అదనపు వేడి ఎగ్జాస్ట్ వాల్వు మీదికి, పిస్టను మీదికి వస్తుంది.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. బండిని ఐదారు కిలోమీటర్లు నడిపి ఇంజనును బాగా వేడెక్కనివ్వాలి. స్క్రూను వేళ్ల బలంతో మెల్లగా ఆనేవరకు తిప్పుతూ, అది ఎన్ని చుట్లు వచ్చిందో కాగితం మీద రాసుకోవాలి. ఏదైనా తేడా వస్తే తిరిగి వెళ్లడానికి అదే దారి. తరువాత దాన్ని మళ్లీ ఆ స్థానానికే తెచ్చి, ఇంజను నడుస్తుండగా పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి, ఇంజను అన్నిటికన్నా చురుగ్గా, నిలకడగా తిరిగే చోటు పట్టుకోవాలి. అప్పుడు ఐడ్లింగ్ స్క్రూతో వేగాన్ని కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకెకు దించాలి. చాలా 100 సీసీ బళ్లకు అది నిమిషానికి 1,400 చుట్ల దగ్గర ఉంటుంది. చెవి మీద నమ్మకం చాలకపోతే కాలుష్య పరీక్ష కేంద్రంలో ఇచ్చే కాగితం చూడండి. 2000 ఏప్రిల్ తరువాత తయారై, బీఎస్ 4 కన్నా ముందువైన బైకులకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు. ఆ అంకె హద్దుకు దగ్గరగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు లెక్క. సర్టిఫికెట్ కోసం మాత్రమే చూసి మడతపెట్టే ఆ కాగితం ట్యూనింగ్‌కు ఎంత పనికొస్తుందో చాలామంది గమనించరు. మైలేజీ తెలుసుకోవడానికి ట్యాంకు నిండా పోయించి, చంద్రగిరి మీదుగా చిత్తూరు దాకా వెళ్లి వచ్చి, అదే బంకులో మళ్లీ నిండా పోయించి భాగించడం కన్నా నమ్మదగిన పద్ధతి లేదు.

గుండుసూది విషయంలో నాకు కోపమే వస్తుంది, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం కంటికి కనిపించదు. జెట్టు మెత్తని ఇత్తడితో చేసింది, సూది ఉక్కుది. కేహిన్ కంపెనీ కార్బొరేటర్లలో ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే స్లో జెట్టు మీద 38 అని ఉంటే దాని రంధ్రం వ్యాసం సుమారు 0.38 మిల్లీమీటర్లు. సూది పోటుకు అది 0.40 అయిందనుకుందాం, తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతే అయినా, రంధ్రం వైశాల్యం దాదాపు 11 శాతం పెరుగుతుంది. రంధ్రం గుండ్రంగా కాక వంకరగా అరిగితే పెట్రోలు ధార కూడా చెదిరిపోతుంది. మైలేజీ కోసం మొదలుపెట్టిన పని మైలేజీని మింగేస్తుంది, ఏ స్క్రూ తిప్పినా అది తిరిగి రాదు. జెట్టునైతే మార్చుకోవచ్చు, స్లైడు అంచు దగ్గర కార్బొరేటర్ ఒంటికే వేసిన అతి సన్నని రంధ్రాలను పొడిచి పెద్దవి చేస్తే కార్బొరేటర్ మొత్తాన్ని మార్చుకోవలసిందే.

జెట్టును సరిపోయే స్క్రూడ్రైవర్‌తో విప్పి, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చరు షాపులో గాలి పట్టించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించేవరకు మళ్లీ చేయండి. మరీ మొండిగా మూసుకుపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒకటి వాడవచ్చు, రాగి ఇత్తడికన్నా మెత్తన కనుక. అప్పటికీ తెరుచుకోకపోతే అదే కంపెనీ, అదే నంబరు జెట్టు కొనండి. మరో కంపెనీ మికునీ జెట్ల అంకెలకు, కేహిన్ జెట్ల అంకెలకు లెక్క ఒకటి కాదు కాబట్టి అంకె కలిసిందని ఒకదాని బదులు మరొకటి వేయకూడదు.

కొండ విషయంలో సందేశం సరిగ్గా తలకిందులుగా ఉంది. తిరుపతికి, తిరుమలకు మధ్య ఎత్తులో తేడా 700 నుంచి 800 మీటర్లు. అంత ఎత్తులో గాలి సాంద్రత 7, 8 శాతం తగ్గుతుంది. కార్బొరేటర్ గుండా పోయే గాలి బరువు అదే మేరకు తగ్గినా, జెట్టు నుంచి లాగబడే పెట్రోలు అందులో సగం మేరకే తగ్గుతుంది. కాబట్టి పైకి వెళ్లేకొద్దీ మిశ్రమంలో పెట్రోలు పాలు దానంతట అదే 4 శాతం దాకా పెరుగుతుంది; కొండ మీది చల్లదనం అందులో కొంత సర్దుతుంది. ఇంత చిన్న తేడాకు దేన్నీ తిప్పనక్కరలేదు, తిప్పి ఇంకా పెట్రోలు పెంచడం మరీ తప్పు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ బాగా తెరిచి ఉంటుంది కనుక అక్కడ పనిచేసేవి నీడిల్, మెయిన్ జెట్ మాత్రమే; స్క్రూ కాదు. ఇద్దరు మనుషులతో బండి లాగలేదంటే ముందు క్లచ్ జారుతోందేమో చూడాలి, గేరు తగ్గించాలి.

టపటప శబ్దానికి సందేశం చెప్పిన కారణం కూడా చాలా సందర్భాల్లో తప్పే. మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు గమనించండి: బండి గేరులో ఉంటుంది, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంటుంది, పెట్రోలు స్లో జెట్టు ద్వారా మాత్రమే వస్తుంది. ఆ మిశ్రమం పలుచగా ఉంటే సిలిండరులో మండకుండా బయటకు వచ్చి వేడి సైలెన్సర్‌లో మండుతుంది. కాబట్టి మొదట అనుమానించవలసింది మూసుకుపోయిన స్లో జెట్టును, ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య పగిలిన రబ్బరును, సైలెన్సర్ గాస్కెట్ దగ్గర గాలి లీకును. సైలెన్సర్‌లోకి గాలి పంపే అమరిక ఉన్న బళ్లలో ఆ వాల్వు పాడైనా ఇదే శబ్దం వస్తుంది. పెట్రోలు ఎక్కువైన బండి నల్లని పొగతో, మసి పట్టిన ప్లగ్గుతో ఆ సంగతి చెబుతుంది. సందేశం నమ్మి పెట్రోలు ఇంకా తగ్గించినవారికి ఆ శబ్దం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఎయిర్ ఫిల్టర్ తీయమనడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన రోడ్ల దుమ్ము నేరుగా సిలిండరులోకి వెళ్లి పిస్టను రింగులను అరగదీస్తుంది, ఫిల్టరు ఉంటుందన్న లెక్కతో అమర్చిన జెట్టు దగ్గర మిశ్రమం పలుచబడుతుంది.

చివరిది థిన్నర్. కింది గిన్నెలో పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే ఫ్లోటు, ఓ-రింగులు, ఫ్లోటు సూది కొనకున్న రబ్బరు, కొన్ని పల్సర్ల వంటి బళ్ల కార్బొరేటర్లలో స్లైడును పైకి లేపే పలుచని రబ్బరు పొర డయాఫ్రమ్, ఇవేవీ రాత్రంతా థిన్నర్‌లో నానడాన్ని తట్టుకోలేవు. డయాఫ్రమ్ ఉబ్బినా, సూదిమొనంత చిల్లు పడినా స్లైడు పైకి లేవక బండి వేగం అందుకోదు. లోహపు ఒంటిని శుభ్రం చేయాలంటే ముందుగా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసి పక్కన పెట్టి, స్ప్రేతో కొద్దిసేపు తడిపి, గాలి కొట్టి ఆరబెడితే సరిపోతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. కొన్ని వారాలు బండి వాడనప్పుడు కార్బొరేటర్ కింది గిన్నెలోని పెట్రోలును డ్రెయిన్ స్క్రూ ద్వారా వదిలేస్తే, లోపల తెల్లని పొరలు పట్టడం చాలావరకు తప్పుతుంది. ఈ పని వంటింటి కిటికీ పక్కన, మోటారు స్విచ్చి దగ్గర, దీపం వెలుగుతున్న వసారాలో మాత్రం పెట్టుకోకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది. గిన్నె విప్పేముందు పెట్రోల్ కాక్ మూసి, కారిన పెట్రోలును ఇనుప డబ్బాలో పట్టి, మూత పెట్టి బయట ఉంచండి.