ఆపరేషన్‌కూ పింఛనుకూ మధ్య

బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిన మనిషిని అర్ధరాత్రి ఆస్పత్రికి చేరుస్తారు. ప్రాణం దక్కుతుంది, పక్షవాతం మిగులుతుంది. రెండు మూడు వారాలకు డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. అందులో మాత్రల పేర్లు వరసగా ఉంటాయి, ఏది ఏ పూటో కూడా ఉంటుంది. అడుగున ఒక్క ముక్క: ‘ఫిజియోథెరపీ చేయించాలి’. ఎక్కడ, ఎవరితో, ఎన్నాళ్లు, ఎవరి డబ్బుతో అన్నది మాత్రం ఉండదు.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. మెదడులో చేరిన రక్తం గడ్డ వారాల తరబడి మెల్లగా కరుగుతుంది, వాపు దిగుతుంది. నలిగిన భాగాలు కొన్ని తేరుకుంటాయి, పోయిన చోటి పనిని పక్కభాగాలు కొంత నేర్చుకుంటాయి. అందుకే తొలిరోజుల్లో కాలూ చెయ్యీ కదపలేనివాళ్లు కూడా కొందరు మూడో నెలకు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తారు. ఈ మార్పు మొదటి మూడు నెలల్లో జోరుగా, ఆ తర్వాత నిదానంగా సాగుతుంది.

విలువైన ఆ నెలలు మన ఇళ్లలో ఎలా గడుస్తున్నాయి? పావురం రక్తంతో మర్దన, ఆకు పసరు, ఎవరో చెప్పిన ఊళ్లో ఇచ్చే మందు. కొడుకు ప్రేమగానే పడిపోయిన చేతిని పట్టి లాగి తండ్రిని లేపుతాడు. పట్టులేని భుజం జారుతుంది, ఆ నొప్పికి ఆయన మళ్లీ చెయ్యి ముట్టనివ్వడు. భార్య రోజూ పొద్దున్నే ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి, పిడికిట్లో చేతిరుమాలు చుట్టి పెడుతుంది. సాధారణంగా కాలు ముందు వస్తుంది, చెయ్యి ఆలస్యం, వేళ్లు మరీ ఆలస్యం. ‘నడుస్తున్నాడుగా’ అని చుట్టాలు సంబరపడతారు. ఆయనకేమో అన్నం కలుపుకోవడం చేతకావడం లేదు.

ఇంటివాళ్లకే నేర్పితే సరిపోదా? మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో ఆ ప్రయత్నం చేశారు. ఫలితం 2017లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి, ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చినచోటా ఇవ్వనిచోటా 47 శాతమే. నిపుణుడి పనిని ఇల్లాలి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదనే మేం దీన్ని అర్థం చేసుకుంటున్నాం.

ఆపరేషన్ ఖర్చుకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచి పనే, ఒక్క రూపాయి కూడా తగ్గించమని మేం అనడం లేదు. ఏ చెయ్యి ఎంత శాతం పడిపోయిందో కొలవడానికి సదరం క్యాంపులూ ఉన్నాయి. ఆ చెయ్యిని తిరిగి తెచ్చే నెలల భారాన్ని మాత్రం దాదాపుగా కుటుంబానికే వదిలేశారు. ఆటోకు డబ్బుల్లేక రెండో వారానికే ఫిజియోథెరపీ మానేసినవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

డిశ్చార్జి రోజునే దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రి పేరు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాల్సిన తేదీ రాసివ్వాలి. ఏరియా ఆస్పత్రుల్లో ఆ పోస్టులు ఖాళీగా ఉండకూడదు. కదల్లేనివారి కోసం, ఊరికి బీపీ మాత్రలు తెచ్చే 104 వాహనంలో ఫిజియోథెరపిస్టుకూ ఒక సీటు వేయాలి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, చాలీచాలని జీతాలకు ప్రైవేటు క్లినిక్‌లలో పనిచేస్తున్న పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు.