సరిహద్దులు లేని సంగీతం, నాలుగు రంగుల కాగితాలు

దేశాలు తిరిగే సంగీత విద్వాంసుడికి పేరు కాస్త బయటికి రాగానే రాసి తీరాల్సిన వ్యాసం ఒకటుంది. పరాయి దేశంలో తన బతుకు, తనకిష్టమైన పది పాటలు. పదింటిలో ఒకటి అమ్మ పాడిందై ఉండాలి. ఒకటి తనకు బొత్తిగా రాని భాషలో ఉండాలి. ఇంకొకటి లోకంలో ఎవరూ వినని పాత రికార్డు, అదీ వాన పడుతున్న ఓ తెలియని ఊళ్లో దొరికిందైతే మరీ శ్రేష్ఠం. తొమ్మిదో పాట దాకా ఎలాగో ఓర్చుకుంటాం. పదో పాట కింద ఆ వాక్యం కాసుకుని కూర్చుంటుంది: "సంగీతానికి సరిహద్దులు లేవు."

నిజమే, సంగీతానికి లేవు. ఉన్నవల్లా గిటారుకి, డ్రమ్ములకి, వయొలిన్ కమానుకి, వాటిని మోసుకెళ్లే మనిషికి. ఇవేవీ లేకుండా సంగీతాన్ని సరిహద్దు దాటించే ఉపాయం ఆ మహానుభావుడి దగ్గరుంటే పాటల జాబితా పక్కనబెట్టి అదే రాయొచ్చు. తోటివాళ్లు జన్మంతా రుణపడి ఉంటారు.

ఆయన రాయడు కాబట్టి మనమే చెప్పుకుందాం. వాద్యాల మీద సుంకం కట్టకుండా దేశం దాటించి, వెనక్కి తెచ్చుకోవాలంటే చాలాచోట్ల ఏటీఏ కార్నే అనే పత్రాల కట్ట ఉండాలి. 1961 నాటి ఒప్పందం తాలూకు ఏర్పాటు. చెల్లుబాటు ఏడాదికి మించదు. ప్రతి వస్తువుకీ వరస సంఖ్య, వర్ణన, సీరియల్ నంబరు, బరువు, విలువ, తయారైన దేశం రాయాలి. పైన పూచీ సొమ్ము చూపించాలి. అట్ట ఆకుపచ్చ. సొంత దేశం విడిచేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు పసుపు కాగితాలు. పరాయి దేశంలోకి దిగడానికి, బయటపడడానికి తెల్లవి. దారిలో ఊరికే దాటిపోయే దేశానికి నీలివి. తీగలు, డ్రమ్ము పుల్లలు, కచేరీ దగ్గర అమ్ముకునే టీషర్టులు ఇందులో ఎక్కించకూడదు. వాడితే అయిపోయేవి, అమ్మితే తిరిగిరానివి కదా, వాటి లెక్క వేరు.

ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి ఒక వ్యాను సరిహద్దు దగ్గర ఆగిందనుకోండి. అధికారి జాబితా తిరగేసి, "ఇరవై ఏడో వస్తువు చూపించండి" అంటాడు. ఇరవై ఏడు స్నేర్ డ్రమ్. అది వ్యానులో అన్నిటికన్నా అడుగున ఉంటుంది, ఎప్పుడూ అంతే. పదిహేను పెట్టెలు రోడ్డు మీదికి దించి దాన్ని బయటికి తీస్తారు. సీరియల్ నంబరేది? నంబరు మీద స్టిక్కరుంది. స్టిక్కరు మీద "సంగీతానికి సరిహద్దులు లేవు" అని అచ్చేసి ఉంది. డ్రమ్మరు గోటితో గీకడం మొదలుపెడతాడు. "లేవు" అన్నంత మేర ఊడొచ్చి, కింద నంబరు బయటపడుతుంది. "సంగీతానికి సరిహద్దులు" మాత్రం డ్రమ్ముకి గట్టిగా అంటుకునే ఉంటుంది. టార్చిలైటు వేసి చూస్తే జాబితాలో ఎనిమిది ఉన్నచోట డ్రమ్ము మీద మూడుంది. టైపు చేసినవాడు నిద్రపోతూ కొట్టాడో, ఎనిమిదిలో సగం తుప్పే తిన్నదో తేల్చడానికి మరో అరగంట.

తర్వాత ముప్ఫై ఒకటో వస్తువు. జాబితాలో నల్ల గిటారు, చేతిలో ఎర్ర గిటారు. నల్లదాని మెడ పోయిన ఊళ్లో విరిగితే చెత్తడబ్బాలో పడేసి, అప్పటికప్పుడు ఇంకోటి కొన్నారు. కళాకారుడి దృష్టిలో అది ఒక దుర్ఘటన. కాగితాల దృష్టిలో ఆ గిటారు ఆ దేశంలోకి వెళ్లింది, తిరిగి రాలేదు. అంటే దిగుమతి అయినట్టే లెక్క. చెత్తడబ్బాలో ఉన్నదానికి సుంకం కట్టాలి. వాద్యం విరిగినా, దొంగలెత్తుకుపోయినా అక్కడికక్కడ కస్టమ్స్ దగ్గరో పోలీసుల దగ్గరో కాగితం రాయించుకోవాలని చెప్పేవాడు బృందంలో ఒక్కడూ ఉండడు. ఈ హడావుడిలో తెల్ల కాగితం మీద బయటికి వెళ్లే ముద్ర వేయించుకోవడం మరిచిపోతారు. నెలల తర్వాత, సామానంతా అక్కడే అమ్మేసుకున్నారన్న అనుమానంతో తాఖీదు వస్తుంది.

ఇంత జరుగుతుంటే మన గాయకుడు ఆంప్లిఫయరు పెట్టె మీద కూర్చుని ఆరో పాట గురించి రాసుకుంటున్నాడు: "సరిహద్దు దగ్గర ఆ రాత్రి నాకు తోడున్నది ఈ పాటొక్కటే." తోడుగా నలుగురు మనుషులున్నారయ్యా, కాస్త లేచి పెట్టె పట్టు.

కలప సంగతి ఇంకా బాగుంటుంది. గిటార్లలో వాడే బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచీ సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో, ఏనుగు దంతం వరసలో ఉంది. 2017 జనవరి 2 నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో అనుబంధంలోకి, అంటే అనుమతి పత్రం ఉంటేనే దేశం దాటే జాబితాలోకి వచ్చాయి. వాద్యాలవాళ్లు మొత్తుకోగా మొత్తుకోగా 2019 నవంబరులో తయారైన వాద్యాలకు సడలింపు దొరికింది, బ్రెజిల్ రకానికి తప్ప. 2014లో బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా కమాన్లు ఏడింటిని న్యూయార్కు కెన్నెడీ విమానాశ్రయంలో దంతం అనుమానంతో ఆపేశారు. అంతకు కొద్ది నెలల ముందే అదే విమానాశ్రయంలో ఒక విద్వాంసుడి సామాన్లోని వేణువులు నాశనమయ్యాయి. అవి పచ్చి వెదురు ముక్కలన్నారు అధికారులు.

"సరిహద్దులు లేవు" అన్న ఆ వాక్యాన్ని కరెంటు కూడా చదవలేదు. పాత హామండ్ ఆర్గాన్‌లో చక్రాలు తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. 60 హెర్ట్జ్ దేశంలో తయారైనదాన్ని 50 హెర్ట్జ్ దేశంలో పెడితే, ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీ ఎంత సరిచేసినా పాట మూడు స్వరస్థానాలకు పైగా కిందికి దిగిపోతుంది. ఇక శ్రుతి. A స్వరానికి ప్రామాణికం 440 హెర్ట్జ్ అంటారు, హాల్లో పియానో 443కి కట్టి ఉంటుంది. 440కి తయారైన వైబ్రఫోను లోహపు కడ్డీల శ్రుతిని రాత్రికి రాత్రి మార్చలేరు. రెండింటి మీదా ఆ A స్వరం కలిపి పలికిస్తే సెకనుకు మూడు అలలు. దాన్ని "పరాయితనపు ప్రకంపన" అని రాసే ప్రబుద్ధుడూ పుట్టే ఉంటాడు.

పరాయి దేశంలో బతుకు అంటారా? తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల్లో, అంటే షెంగెన్ దేశాల్లో, వీసా అక్కర్లేని అతిథి ఏ 180 రోజుల్లో చూసినా 90 మించి ఉండకూడదు. అతిథిగా ఉండనిస్తారన్నంత మాత్రాన డబ్బు తీసుకుని పాడనిస్తారని కాదు, అది దేశానికో తీరు. ఎక్కడ కాపురమున్నా, చాలా దేశాల్లో పాడిన చోటే పన్ను పట్టుకుంటారు. ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన నమూనా పన్ను ఒప్పందంలో 17వ అధికరణం ఇందుకోసమే, కళాకారుల్నీ ఆటగాళ్లనీ ఒకే గాటన కట్టేసింది. పట్టుకున్న పన్నుకి నిర్వాహకుడి దగ్గర ధ్రువపత్రం తీసుకోకపోతే ఇంటికొచ్చి రెండోసారి కట్టుకోవాల్సి రావచ్చు.

ఇవన్నీ పోనీ. ఆ పది పాటల సంగతికి వద్దాం.

అంత ఇష్టమైన పాటను ఈయన కచేరీల్లో పాడతాడు కూడా. పాడగానే ఆ పాట రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ కొంత సొమ్ము రావాలి. చాలా దేశాల్లో హాలువాళ్లో నిర్వాహకుడో టికెట్ల రాబడిలో ఇంత శాతమని అక్కడి హక్కుల సంఘానికి కడతారు. ఆ సంఘం, రచయిత సొంత దేశపు సంఘానికి పంపిస్తుంది. ఇలా పరస్పరం పంపుకునే సంఘాల సమాఖ్య సిసాక్ 1926 నుంచీ ఉంది. అంటే సరిహద్దు నిజంగా దాటే దారి ఒకటి వేసే ఉంది. కాకపోతే ఆ రాత్రి ఏయే పాటలు పాడారో సంఘానికి తెలియాలి. తెలియాలంటే ఫారం నింపాలి. పాట పేరు, రాసినవారు, స్వరపరచినవారు, నిడివి. నాలుగు గడులు!

నింపడు. నింపకపోతే ఆ డబ్బు ఎవరిదో తేలక కొన్నాళ్లు మూలన పడుంటుంది, గడువు దాటాక చాలాచోట్ల ఇతరులకు పంచేస్తారు. ఆ పాట రాసిన ముసలాయన ఎక్కడో మందులు కొనుక్కోవడానికి లెక్కలేసుకుంటూ ఉంటాడు. ఈయనేమో ఆ పాట తన ప్రాణం నిలబెట్టిందని మూడు వందల పదాలు రాస్తాడు, అందులోనూ రచయిత పేరుండదు. సిగ్గనిపించదా? సుంకం అధికారికి బుద్ధి లేదని తిడతాం, ఆయన కనీసం అక్షరం అక్షరం చదువుతాడు. నీ ప్రాణం నిలబెట్టినవాడి పేరు రాయడానికి నీకు చెయ్యి రాలేదు!

ఫారం కచేరీ ముందే అచ్చేసిన జాబితా చూసి నింపితే చాలదు. ఆ ఇష్టమైన పాట అందులో ఉండదు. జనం వదలకుండా చప్పట్లు కొడితే ఆఖర్న పాడేది అదే కాబట్టి, దాన్ని తర్వాత చేత్తో రాయాలి.