సీటు మీద కర్చీఫు

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు ఆపుకున్న వాళ్లెవరికైనా ఫైడోనెట్ (ఫోన్ లైన్ల మీద కంప్యూటర్లు ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్) ఔట్‌బౌండ్ డైరెక్టరీలో, అంటే బయటికి పంపాల్సిన సరుకుండే ఫోల్డర్‌లో, జరిగే గొడవ ఇట్టే అర్థమవుతుంది.

అందులో రెండు ప్రోగ్రాముల కాపురం. టాసర్ ఉత్తరాలను కట్టలు కడుతుంది, మెయిలర్ ఫోన్ కలిపి పంపుతుంది. వంటిల్లు ఒకటే, మాటల్లేని తోడికోడళ్లు.

నెట్ 100, నోడ్ 25 అనే చిరునామా ఉన్న కంప్యూటర్‌కి మెయిల్ ఉందనుకోండి. ఆ రెండు అంకెల్నీ హెక్సాలోకి (పదహారు అంకెల లెక్కలోకి) మారిస్తే, పంపాల్సినవాటి జాబితా ఉండే ఫైల్ పేరు 00640019.ఎఫ్‌ఎల్‌ఓ. అందులో ఒక కట్ట పేరు, దాని ముందు # గుర్తు. అంటే, ‘పంపాక సున్నా బైట్లకు కోసెయ్’ అని. మెయిలర్ అవతలివాళ్లకు ‘40,000 బైట్లు’ అని చెప్పి పంపడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే టాసర్ వచ్చి, ‘ఎలాగూ కట్ట ఉందిగా’ అని ఇంకో మూడు ప్యాకెట్ల ఉత్తరాలు అందులోనే దోపింది. మెయిలర్ చెప్పిన మాట ప్రకారం 40,000 పంపి, కట్టను సున్నాకి కోసేసింది. మూడు ప్యాకెట్లూ గంగలో కలిశాయి. పని చిట్టాలు (లాగ్ ఫైళ్లు) చూస్తే రెండూ ‘అంతా సవ్యం’ అంటాయి. ఇక రాసినవాడికి, జవాబివ్వనివాడికి మధ్య అలకలు!

అందుకే ఆ నోడ్ సరుకు ముట్టుకునే ముందు ఎవరైనా 00640019.బీఎస్‌వై (‘బిజీ’కి పొట్టి పేరు) అనే ఫైల్ పెట్టాలి. అదే కర్చీఫు. చాలామంది తప్పటడుగు ఇక్కడే: ముందు ఫైల్ ఉందా అని చూస్తారు, లేకపోతే సృష్టిస్తారు. సీటు ఖాళీ అని చూసి జేబు తడుముకునేలోపు ఇంకొకడు కూర్చోడా? చూడటం, వేయడం ఒకే దెబ్బకి జరగాలి. ఫైల్ తెరిచే ‘ఓపెన్’ పిలుపుకి O_CREAT (‘సృష్టించు’), O_EXCL (‘ఉంటే వద్దు’) జెండాలు రెండూ కలిపి ఇస్తే, ఫైల్ అప్పటికే ఉంటే ఆ పిలుపే విఫలమవుతుంది. అప్పుడు గుమ్మంలో కాపలా కాయకుండా మిగతా నోడ్‌ల పని చూసుకుని మళ్లీ రావడమే. పని అయ్యాక ఎఫ్‌ఎల్‌ఓ సంగతి పూర్తిగా తేల్చి, బీఎస్‌వైని అన్నిటికన్నా చివర తీయాలి. తన కర్చీఫే సుమా, పక్కవాడిది కాదు.

కరెంటు పోతే మాత్రం కర్చీఫు వేసినవాడు మధ్యలోనే దిగిపోయినట్టు. మెయిలర్ మర్యాదగా ‘నోడ్ బిజీ’ అని రాసుకుంటూ ఖాళీ సీటు పక్కనే రోజుల తరబడి నిలబడుతుంది. ఫైల్‌లో ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రోగ్రాముకి కంప్యూటర్ ఇచ్చే నంబరు) రాసి ఉంచితే మనిషి ఉన్నాడో లేడో చూడొచ్చు, కానీ రెండు కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద ఒకే డైరెక్టరీ వాడుతుంటే ఆ నంబరు పక్క ఊరి ఇంటి నంబరే. ఫైల్ వయసు చూసి తీసేద్దామా? సెకనుకు 2400 బిట్ల వేగపు మోడెమ్ సెకనుకు సుమారు 240 బైట్లు పంపుతుంది, ఒక మెగాబైట్‌కి దాదాపు గంటా పదమూడు నిమిషాలు. గంట గడువు పెట్టారంటే కూర్చున్నవాడి కిందనుంచే కర్చీఫు లాగినట్టు. పని నడుస్తున్నంతసేపూ ఐదు నిమిషాలకోసారి ఆ ఫైల్ సమయాన్ని తాజా చేస్తుండాలి, కూర్చున్నవాడు మధ్యమధ్య కదిలి దగ్గినట్టు.