మన వంతు చమురు

భూమిలో చమురు ఇంకెన్నాళ్లుంటుందోనని దేశాధినేతలంతా టెన్షన్ పడుతున్నారు. రోజూ పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని మనం చేస్తున్న దేశసేవను మాత్రం ఒక్కరూ లెక్కలోకి తీసుకోరు. పండగరోజు కూడా ఆగని బావి ఇది. దీనికి సమ్మెల్లేవు, ఆంక్షలు పెడదామన్నా కుదరదు.

నవ్వకండి, మన మరుగుదొడ్డి మురుగులోంచి డీజిల్ తీయొచ్చు, వెనక శాస్త్రం ఉంది. మురుగు శుద్ధి కేంద్రంలో మొదటి తొట్టి అడుగున చేరే మడ్డిని ఆరబెడితే, ఆ పొడిలో 25 శాతం దాకా కొవ్వు ఉండొచ్చు. మన వేపుళ్లు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసిందిగా! తర్వాతి తొట్టిలో దొరికేది, మురుగు తిని బలిసిన సూక్ష్మజీవుల ఒంట్లో ఉన్నది. కాస్త తక్కువే, కానీ కష్టార్జితం.

ఈ కొవ్వుకు మిథనాల్ అనే ఆల్కహాల్ కలిపితే బయోడీజిల్ వస్తుంది. చర్య వేగంగా సాగడానికి మంచి వంటనూనెకు వేసినట్టు క్షారం వేశారో, డీజిల్ బదులు సబ్బు తయారవుతుంది. మడ్డిలో కొవ్వు విరిగి విడిపోయిన ఆమ్లాలు ఎక్కువ, అవి క్షారంతో కలిస్తే సబ్బే మరి. ఇన్నేళ్లూ మన సబ్బునీళ్లు తాగిన మురుగు అలా బాకీ తీర్చుకుంటుందన్నమాట. అందుకే క్షారం బదులు సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు.

అసలు చిక్కు కంపు కాదు, నీళ్లు. మడ్డి పేరుకే మడ్డి, తొట్టిలోంచి తీసినప్పుడు అందులో 95 శాతానికి పైగా నీరే. నీరుంటే చర్య సరిగా సాగదు. ఆరబెడదామంటే ఇంధనం కాల్చాలి. ఇంధనం కోసం ఇంధనం కాల్చడం కొందరికి వింతగా తోచవచ్చు, ఆర్థికవేత్తలకు తోచదు. పౌరులకు నా విన్నపం ఒక్కటే: ఇకపై కాసిని తక్కువ నీళ్లు పోయండి. ఎంత తక్కువో కమిటీ వేసి తేలుద్దాం.

2010లో అమెరికాలో వేసిన ఒక అంచనా ప్రకారం మడ్డి డీజిల్ గాలను 3.11 డాలర్లు, మామూలు డీజిల్ 3 డాలర్లు. మన శ్రమకు గుర్తింపు 11 సెంట్ల తేడాతో చేజారిందన్నమాట!

లండన్ వాళ్లకు ఆ గుర్తింపు దక్కింది. 2017లో అక్కడి వైట్‌చాపెల్ ప్రాంతం కింద, శుద్ధి కేంద్రం దాకా పోయే ఓపిక లేక మురుగు కాలువలోనే గడ్డకట్టిన కొవ్వుకొండ బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. బయోడీజిల్ చేయడానికి పంపిస్తూ, ఓ ముక్కను మాత్రం మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. పెట్టె మూసే ఉంది, అయినా లోపల ఈగలు పుట్టాయి. బావిలోంచి తోడిన చమురుకు ఇంత ప్రాణం ఎక్కడిది?