సవరణ: పాలీహౌస్ క్యాప్సికంలో బ్యాక్టీరియా మచ్చ

నల్గొండ, పాలమూరు పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పిన సాగు షెడ్డు) రైతుల కోసం రాసిన గత పోస్టులో, ఆకులపై బ్యాక్టీరియా మచ్చకు స్ట్రెప్టోసైక్లిన్ (యాంటీబయాటిక్ మందు), కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి సాయంత్రం కొట్టమన్నాం. చలికి పాలీహౌస్ పక్కల ఉండే ప్లాస్టిక్ కర్టెన్లు రోజంతా దించి ఉంచమనీ చెప్పాం. ఇవన్నీ తప్పే. పాటించినవారు దయచేసి ఈరోజే మార్చుకోండి.

స్ట్రెప్టోసైక్లిన్‌ను సాగులో వాడటం 2024 జనవరి 1 నుంచి నిషేధం. దుకాణంలో పాత ప్యాకెట్ ఇచ్చినా తీసుకోవద్దు.

కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి ఒక్కటే, 10 లీటర్ల నీటికి 30 గ్రాములు చాలు. ఉన్న మచ్చ దానితో మానదు, కొత్త ఆకుకు సోకకుండా అడ్డుకుంటుందంతే. అందుకే ఆకు అడుగువైపు కూడా తడవాలి. ఎండెక్కాక, ఉదయం తొమ్మిది పది గంటల మధ్య కొట్టండి. సాయంత్రం కొడితే ఆకు రాత్రంతా తడిగా ఉంటుంది; బ్యాక్టీరియాకు కావలసింది ఆ తడే. పైగా మందు ఆరక లేత ఆకులు మాడతాయి. పుల్లని (ఆమ్ల గుణమున్న) మందులేవీ ఇందులో కలపకండి.

అసలు కీలకం కర్టెన్లే. రాత్రి చేరిన తేమ ప్లాస్టిక్‌కు పట్టి, చుక్కలుగా ఆకులపై రాలుతుంది. పొద్దెక్కగానే రెండు పక్కలా ఎత్తండి, చల్లబడేముందు నాలుగున్నరకల్లా దించండి. చలికాలమంతా ఫాగర్లు (పొగమంచులా నీళ్లు చిమ్మేవి) ఆపేసి, డ్రిప్ నీళ్లు ఉదయమే వదలండి.

కొమ్మలు కత్తిరించే కత్తెరను మొక్క మొక్కకూ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. తడి ఆకుల మధ్య ఆ పనే పెట్టుకోవద్దు, మీ చేతులే రోగాన్ని వరుసంతా మోస్తాయి.